జగదీశ్ చంద్ర బోస్: కనిపించని తరంగాలను కొలిచిన ఉపాధ్యాయుడు



మీరు రేడియో వింటారు, సెల్‌ఫోనులో మాట్లాడతారు. ఈ రెండూ పనిచేసేది విద్యుదయస్కాంత తరంగాల వల్లనే. ఈ తరంగాలు కంటికి కనిపించవు, చేతికి తగలవు. మరి వాటిని కొలవడం ఎలా? ఖరీదైన పరికరాలు లేకుండా ఆ పని సాధ్యమేనా? 1890లలో కలకత్తాలో ఒక ఉపాధ్యాయుడు దీన్ని చేసి చూపించాడు. ఆయన జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాల్యం, చదువు

జగదీశ్ చంద్ర బోస్ 1858 నవంబరు 30న మైమెన్‌సింగ్‌లో జన్మించాడు. ఈ ఊరు నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి. ఆ రోజుల్లో ఉద్యోగుల పిల్లలు ఇంగ్లీషు బడికి వెళ్ళేవారు. తండ్రి మాత్రం కుమారుణ్ణి బెంగాలీ బడిలో చేర్పించాడు. అక్కడ జగదీశ్‌కు ఒక పక్క జాలరి కుమారుడు, మరో పక్క తన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం సేవకుని కుమారుడు కూర్చునేవారు.

కలకత్తాలో చదువు ముగించి, 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్ళాడు. అనారోగ్యం వల్ల వైద్యం మానుకొని కేంబ్రిడ్జిలో విజ్ఞానశాస్త్రం చదివాడు.

జీతం ముట్టని ఉద్యోగం

1885లో బోస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. అప్పటి నియమం ప్రకారం భారతీయ ఆచార్యునికి ఆంగ్లేయుని జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగమే, అంటే మూడింట ఒక వంతే వచ్చేది. ఆయన ఉద్యోగం మానలేదు, పాఠాలు ఆపలేదు. జీతం మాత్రం తీసుకోలేదు. ఇలా మూడేళ్ళు గడిచాయి. ఇంట్లో అప్పులున్నా వెనక్కి తగ్గలేదు. చివరకు ప్రభుత్వం పూర్తి జీతాన్ని, పాత బకాయితో సహా చెల్లించింది.

ఆలోచించండి: ఉద్యోగం మానేయడం, జీతం లేకుండా పనిచేయడం. ఈ రెండింటిలో ఏది కష్టం? ఎందుకు?

చిన్న గదిలో ప్రయోగశాల

1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని ప్రయోగంతో నిరూపించాడు. అయితే ఆ తరంగాలు చాలా పొడవైనవి. వాటితో పనిచేయాలంటే పెద్ద అద్దాలు, పెద్ద గదులు కావాలి. బోస్‌కు కళాశాలలో దొరికింది సుమారు 24 చదరపు అడుగుల గది. అందుకే తరంగాలనే చిన్నవి చేయాలనుకున్నాడు. 1894లో పని మొదలుపెట్టాడు. స్థానికంగా ఉన్న ఒక రేకుల పనివాని సహాయంతో పరికరాలు చేయించాడు. చిన్న లోహపు గోళాల మధ్య నిప్పురవ్వ పుట్టించి, సుమారు 5 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల తరంగాలను సృష్టించాడు. ఇవి సెకనుకు సుమారు 6,000 కోట్ల సార్లు కంపిస్తాయి. దీంతో ప్రయోగం మొత్తం ఒక బల్ల మీద ఇమిడిపోయింది.

కొలిచిన విధానం

తరంగం వచ్చిందని తెలుసుకోవడానికి బోస్ చిన్న ఉక్కు స్ప్రింగులను పక్కపక్కన పేర్చాడు. వాటి గుండా బ్యాటరీ నుండి కొద్దిపాటి విద్యుత్తు పంపాడు. తరంగం తగిలితే స్ప్రింగులు ఒకదానినొకటి తాకే చోట నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే విద్యుత్తు పెరుగుతుంది. అప్పుడు గాల్వనోమీటరు ముల్లు కదులుతుంది. అంటే కనిపించని తరంగం కనిపించే ముల్లును కదిలించింది!

తరంగదైర్ఘ్యం కొలవడానికి సమాన దూరంలో అమర్చిన లోహపు పట్టీలను వాడాడు. తరంగం ఏ కోణంలో మళ్ళిందో చూసి, దాని పొడవును లెక్కకట్టాడు. ఒక రైల్వే టైంటేబులు పుస్తకం పేజీల మధ్య లోహపు రేకులు పెట్టి చూశాడు. పుస్తకాన్ని ఒక దిశలో పట్టుకుంటే తరంగం వెళ్ళింది, 90 డిగ్రీలు తిప్పితే ఆగిపోయింది. దీనినే ధ్రువణం అంటారు. పురిపెట్టిన జనపనార కట్ట ఈ ధ్రువణ దిశను తిప్పుతుందని కూడా చూపాడు. బెంగాల్‌లో జనపనారకు కొదవా?

1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన తరంగాలు గోడలను దాటి వెళ్ళి గంటను మోగించాయి, తుపాకి మందును పేల్చాయి. 1897 జనవరిలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ ప్రయోగాలు చూపాడు.

తరువాతి జీవితం

పేటెంట్లతో ధనం సంపాదించడం బోస్‌కు ఇష్టం లేదు. అయినా మిత్రుల ఒత్తిడితో 1901లో గెలీనా స్ఫటికపు గ్రాహకానికి అమెరికాలో దరఖాస్తు చేశాడు. 1904లో పేటెంటు లభించింది. తరువాత మొక్కల స్పందనలను పరిశోధించాడు. వాటి పెరుగుదలను వేలరెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్‌ను తయారుచేశాడు. ఆయన నిర్ణయాలను కొందరు శాస్త్రవేత్తలు అంగీకరించలేదు. మొక్కలలో విద్యుత్ సంకేతాలు ఉంటాయన్న విషయం మాత్రం నేడు అందరూ ఒప్పుకున్నదే. 1917లో కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించాడు. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బోస్ మూడేళ్ళు జీతం ఎందుకు తీసుకోలేదు?
2. పొట్టి తరంగాలను సృష్టించడం వల్ల ఆయనకు కలిగిన సౌకర్యం ఏమిటి?
3. తరంగం తగిలినప్పుడు గాల్వనోమీటరు ముల్లు ఎందుకు కదులుతుంది?
4. మీ పనిలో, సరైన పరికరం లేనప్పుడు చేతిలో ఉన్న వస్తువుతో మీరు దేనినైనా కొలిచారా? ఐదు వాక్యాలలో రాయండి.