మాటే లేదు.. అయినా పాట వినిపించింది! ఎవరీ ద్వారం వెంకటస్వామి నాయుడు?

కర్ణాటక సంగీత కచేరీ ఎక్కడ జరిగినా వేదిక మీద సీన్ ఒకటే. మధ్యలో పాడేవారు, ఒక పక్క మృదంగం, మరో పక్క వయోలిన్. నెల్లూరులో గుడి మండపమైనా, చెన్నైలో మ్యూజిక్ అకాడమీ అయినా పెద్ద తేడా ఉండదు. గాయకుడు పాడిందాన్ని వయోలిన్ వెంటనే అందుకోవాలి, ఆయన ఊపిరి తీసుకుంటే ఆ ఖాళీ నింపాలి. చప్పట్లు మాత్రం ముందు గాయకుడికే! అలా పక్కన కూర్చునే వాయిద్యాన్ని వేదిక మధ్యలోకి తెచ్చిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు తెలుగువాడిదే. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు.

1893 నవంబర్ 8, దీపావళి రోజున బెంగళూరులో పుట్టారు. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచే చూపు సరిగా ఆనేది కాదు. దాంతో బడి చదువు ముందుకు సాగలేదు. ఆ రోజుల్లో చూపు తక్కువున్న కుర్రాడికి బతుకుతెరువు అంటే మాటలు కాదు. అయితే ఇంట్లో ఫిడేలు ఉంది, నేర్పడానికి అన్న వెంకటకృష్ణయ్య ఉన్నారు. ఆయనే తొలి గురువు. కంటితో పని తక్కువ, చెవితో పని ఎక్కువ ఉన్న విద్య అది. కుర్రాడు దాన్నే పట్టుకున్నాడు.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపల్. అక్కడ విద్యార్థిగా చేరదామని ద్వారం వెళ్తే, వాయించింది విని ఏకంగా వయోలిన్ అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా 26వ ఏట ఆయన అక్కడ ప్రొఫెసర్ అయ్యారన్నది నిజం. 1936లో నారాయణదాసు తర్వాత ప్రిన్సిపల్ కూడా అయ్యారు. మన ఘంటసాల విజయనగరంలో సంగీతం నేర్చుకున్న రోజుల్లో కాలేజీ పెద్ద ఈయనే.

ఇంతకీ ఆయన చేసిన కొత్త పని ఏంటి? అది అర్థం కావాలంటే వయోలిన్ కథ కొంచెం తెలియాలి. ఇది మన వాయిద్యం కాదు. సుమారు రెండు వందల ఏళ్ల కిందట మద్రాసులో ఇంగ్లిష్ వాళ్ల బ్యాండ్లలో వినిపించేది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని మన సంగీతానికి మలిచారు. అక్కడి వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే, మనవాళ్లు కింద కూర్చుని ఒక చివర ఛాతీకి, మరో చివర కుడి పాదానికి ఆనించారు. దీంతో ఎడమ చేతికి వాయిద్యాన్ని మోసే పని తప్పింది. తీగ మీద పైకీ కిందకీ జారుతూ గమకాలు పలికించే వీలు దొరికింది. శ్రుతి కూడా మార్చేశారు. నాలుగు తీగలూ స-ప-స-ప అయ్యాయి. ఇంత చేసినా దాని చోటు మాత్రం గాయకుడి పక్కనే!

ఎందుకంటే మన కచేరీలో వినిపించేదంతా గొంతు కోసం కట్టింది. త్యాగరాజ కృతిలో రాగం ఎంతో, మాట కూడా అంతే. వయోలిన్‌కు నోరు లేదు కదా. పక్కన గాయకుడు ఉంటే మాట ఆయన చూసుకుంటాడు. ఒంటరిగా వాయిస్తే? సాహిత్యం పోయి ఉత్త ట్యూన్ మిగిలే ప్రమాదం ఉంది. రెండు గంటల పాటు ట్యూన్ వినడానికి జనం కూర్చుంటారా? అసలు చిక్కు ఇదే.

దీనికి జవాబు కమానులో ఉంది. కమాను దిశ మారిన ప్రతిసారీ స్వరానికి చిన్న ఒత్తు పడుతుంది. మాటలో అక్షరం ఎక్కడ పడుతుందో అక్కడే కమాను తిప్పితే, సాహిత్యం తెలిసిన శ్రోతకు ఆ మాట వినిపించినట్టే ఉంటుంది. అక్షరాన్ని సాగదీసే చోట కమాను తెగకూడదు. తెగితే మాట మధ్యలో ఊపిరి తీసుకున్నట్టే! అందుకే ద్వారం వాయిద్యంలో అందరూ చెప్పేది ఆ పొడవాటి, నిలకడైన కమాను గురించే. పాశ్చాత్య వయోలిన్‌ను ఆయన శ్రద్ధగా విన్నారు. అక్కడి కమాను పట్టు, నాదంలోని తీపి తీసుకున్నారు. రాగాన్ని, గమకాన్ని మాత్రం మన దగ్గరే ఉంచారు. నా వరకు ఆయన గొప్పతనం వేగంలో లేదు. ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి అన్న ఆ లెక్కలో ఉంది.

ఒక వాయిద్యం సంగీతాన్ని మరోదానికి మార్చడం యూరప్‌లోనూ ఉంది. జర్మనీ సంగీతకారుడు బాఖ్ 1738 ప్రాంతంలో తన పాత కాన్సర్టోలను హార్ప్సికార్డ్ అనే కీబోర్డ్ వాయిద్యానికి తిరగరాశాడు. వాటిలో కొన్నింటి మూల రూపాలు పోయాయి. తర్వాతి పండితులు కీబోర్డ్ కాగితాలు పట్టుకుని వెనక్కి నడిచి, ఇది వయోలిన్‌కు, ఇది ఓబో అనే ఊదే వాయిద్యానికి అని మళ్లీ కట్టారు. వాళ్లకు కనీసం కాగితం ఉంది. మన కృతి ప్రధానంగా గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వచ్చేది. ద్వారం మార్చింది ఆ నోటి పాటను.

1938లో ఆయన తొలి సోలో కచేరీ వేలూరులో జరిగింది. తొందరలో నెల్లూరు అని చదివేరు.. ఇది తమిళనాడు వేలూరు! అయితే విజయనగరం నుంచి మద్రాసు వైపు వెళ్లే రైలు మన నెల్లూరు మీదుగానే పోతుంది. తోడుగా వచ్చినన్నాళ్లు సరే, ఆ కచేరీలో మాత్రం పక్కన పాడేవారు లేరు. ఏ రాగం ఎంతసేపు, ఏ కృతి ఎప్పుడు.. అన్నీ ఆయనే తేల్చుకోవాలి. తేడా వస్తే మాట పడేదీ ఆయనే. ఆ దారి నిలబడింది. ఈ రోజు వయోలిన్ సోలో అంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

1941లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. గాత్రానిదే పైచేయి అయిన ఆ సభలో ఒక వయోలిన్ విద్వాంసుడికి, అదీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వ్యక్తికి దక్కిన గౌరవం అది. 1952లో ప్రపంచ ప్రఖ్యాత వయోలినిస్ట్ యెహుదీ మెనుహిన్ మన దేశానికి వచ్చారు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో ద్వారం వాయిస్తుంటే కూర్చుని విన్నారు. ఏ దేశాల నుంచి ఈ వాయిద్యం మనకు వచ్చిందో, అక్కడి మేటి కళాకారుడే వచ్చి మన వాడి చేతిలో అది ఏమైందో విన్నాడన్నమాట! 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

1964 నవంబర్ 25న ఆయన కన్నుమూశారు. కుమార్తె ద్వారం మంగతాయారు వయోలిన్‌లోనే పేరు తెచ్చుకున్నారు. గాయకుడిగా పేరుపడ్డ నూకల చిన సత్యనారాయణ కూడా ఆయన దగ్గర వయోలిన్ నేర్చుకున్నవారే. శతజయంతి ఏడాది 1993లో తపాలా స్టాంపు విడుదలైంది.

ఆయన రికార్డింగ్‌లు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. పాత రికార్డులు కాబట్టి చర్రుమనే శబ్దం ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు అదే కృతిని ఎవరైనా పాడింది వినండి, సాహిత్యం చెవిలో ఉండగానే ఆయన వాయించింది పెట్టుకోండి. కమాను ఎక్కడ తిరుగుతోందో గమనించండి.