ఎర్రమొరంలో దొరికిన చేతిగొడ్డలి

ఆరో తరగతి సోషల్‌లో పాత రాతియుగం పాఠం వచ్చినప్పుడు పిల్లలు రాతి గొడ్డళ్ల బొమ్మలు గీస్తారు, చార్టు మీద అంటిస్తారు. మన దేశంలో కూడా అంత పాత మనుషులు ఉండేవారని 1863కు ముందు ఎవరి దగ్గరా రుజువు లేదు. ఆ రుజువు చూపించినాయన రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన పురావస్తు శాస్త్రవేత్త కాదు. 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టి, 24 ఏళ్లకు భారత భూగర్భ సర్వే సంస్థలో చేరారు. మద్రాసు రాష్ట్రమంతా తిరిగి ఎక్కడ ఏ రాయి ఉందో, ఏ పొర కింద ఏ పొర ఉందో మ్యాపులు గీయడమే ఆయన ఉద్యోగం. జీతం దానికే.

సముద్రతీరానికి దగ్గరగా, ఇప్పటి చెన్నై విమానాశ్రయం పక్కన పల్లవరం ఉంది. 1863 మే 30న అక్కడి కంటోన్మెంటు మైదానంలో మొరం తవ్విన గుంట దగ్గర ఆయనకు ఒక రాయి కనిపించింది. మన జిల్లాలో జహీరాబాద్ వైపు వెళ్తే కనిపించే ఎర్రరాయి లాంటిదే అక్కడి నేల. ఆ ఎర్ర గులకల్లో అంచులు చెక్కిన రాయి ఒకటి ఉంటే ఎవరికి పట్టింది? కూలీలు తవ్వారు, సిపాయిలు తొక్కుకుంటూ పోయారు. ఫుట్ ఆగారు. ఎందుకంటే నాలుగేళ్ల క్రితమే, ఫ్రాన్సులో నది ఒండ్రు పొరల్లో దొరికిన చెకుముకి రాళ్లు మనుషులు చెక్కినవేనని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. ఫుట్ ఆ సంగతులు చదివి ఉన్నారు. తన ఉద్యోగానికి ఏమాత్రం అవసరం లేని చదువు అది!

ఒక చిక్కు మాత్రం ఉంది. యూరప్ గొడ్డళ్లు చెకుముకి రాతివి. మద్రాసు చుట్టుపక్కల అది దొరకదు. పల్లవరం రాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ గట్టిపడితే అయ్యేది. మరి మనిషి చేసిందని ఎలా తెలుస్తుంది? వాగులో దొర్లిన రాయి నునుపెక్కుతుంది. పగిలినా అడ్డదిడ్డంగా పగులుతుంది. చేతిగొడ్డలికి రెండు వైపులా వరసగా పెచ్చులు లేపిన గుంటలు ఉంటాయి, అవన్నీ ఒక అంచు దగ్గర కలుస్తాయి. దెబ్బ మీద దెబ్బ ఆలోచించి కొడితే తప్ప ఆ ఆకారం రాదు.

ఒక్క రాయితో ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. అదే ఏడాది సెప్టెంబరు 28న సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి పూండి దగ్గర అత్తిరంపాక్కంలో పొరల్లోనే ఉన్న పనిముట్లను కనుగొన్నారు. మన తెలుగుగంగ నీళ్లు చేరే పూండి జలాశయం ఆ పక్కనే.

తర్వాత ఆయన తెలుగు జిల్లాల్లోనూ చాలా తిరిగారు. ఒంగోలు నుంచి మచిలీపట్నం దాకా తీరప్రాంతపు రాళ్ల మీద ఆయన రాసిన నివేదిక 1879లో అచ్చయింది. 1884లో అప్పటి కర్నూలు జిల్లా బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు తవ్వించడం మొదలుపెట్టారు. ఆ పని కొనసాగించింది ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటు హెన్రీ. అక్కడ దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి! ఆ జాతికి శాస్త్రవేత్తలు కర్నూలు పేరే పెట్టారు.

ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు. పాత రాతియుగానికీ కొత్త రాతియుగానికీ మధ్య చాలాకాలం ఇక్కడ మనుషులే లేరని ఆయన అనుకున్నారు. ఆ ఖాళీని తర్వాతి తవ్వకాలు నింపేశాయి. అయినా ఆయన కూడబెట్టింది చెడిపోలేదు, ఎందుకంటే ప్రతి రాయికీ అది దొరికిన ఊరూ చోటూ రాసి పెట్టుకున్నారు. ఊరి పేరు లేని చేతిగొడ్డలి అల్మారాలో అలంకారానికే పనికొస్తుంది. నా మటుకు ఆ మొదటి రాయి కన్నా ఈ రాతకోతలే గొప్పగా అనిపిస్తాయి.

1891లో రిటైరయ్యాక బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేసి, ఏర్కాడు కొండల్లో స్థిరపడ్డారు. 1904లో తన సేకరణనంతా మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని డబ్బిచ్చి కొన్నది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన తయారు చేసిన కేటలాగు 1914లో గానీ అచ్చు కాలేదు.

అత్తిరంపాక్కంలో శాంతి పప్పు బృందం మళ్లీ తవ్వి, అడుగు పొరల పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించింది. నేల మీద ఉన్నంతకాలం అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల రాతిలో కొన్ని ప్రత్యేక పరమాణువులు పుడతాయి. పూడిపోయాక అవి తరుగుతూ వస్తాయి. ఎంత మిగిలిందో కొలిచి వయసు కట్టారు. ఫుట్ దగ్గర అలాంటి కొలత ఏదీ లేదు. సెలవుల్లో చెన్నై వెళ్తే ఎగ్మూరు మ్యూజియంలో ఆయన సేకరణ ఎక్కడుందో అడిగి పిల్లలకు చూపించండి.