చెరసాలలో పండిన నాదోపాసన

గోలకొండ కోటను దర్శించు యాత్రికులకు నేటికిని ఒక చీకటి గది చూపబడుచున్నది. దానిని రామదాసు బందిఖానా యందురు. గోడమీద సీతారామలక్ష్మణుల రూపములు, ఆంజనేయుని రూపము చెక్కబడియున్నవి. ఒక భక్తుని శోకము కీర్తనగా మారిన చోటు అదియే.

కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించెను. ఆయన మేనమామలైన అక్కన్న, మాదన్నలు 1672లో రాజ్యమునకు వచ్చిన తానీషా ప్రభువు కొలువున అధికారులు. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. పోకల దమ్మక్క భద్రగిరిపై పందిరి వేసి కొలుచుచున్న స్వామిని గాంచి, ఆలయము కట్టింప సంకల్పించెను. అందుకు సర్కారుకు చేరవలసిన శిస్తు ధనమును వినియోగించెను. కార్యము పుణ్యమే, ధనము మాత్రము పరులది. అందులకు చెర ప్రాప్తించెను. పండ్రెండేండ్లు మగ్గెనని పెద్దలందురు.

ఆ చీకటిలో ఆయనకు మిగిలినది కంఠమొక్కటే. లెక్కలు వ్రాసిన చేయి గనుక, మొదట స్వామికే లెక్క చెప్పెను. సీతమ్మకు చేయించిన చింతాకు పతకము మొదలుకొని నగలకు ఎంత ధనమైనదో ఏకరువు పెట్టి, రాముని నిలదీసెను. పిదప, దెబ్బల బాధకు తాళలేక తిట్టితినని చెప్పుకొని క్షమాపణ వేడెను. తుదకు సీతమ్మను ఆశ్రయించి, ఏకాంతమున స్వామికి తన మాట విన్నవింపుమని ప్రార్థించెను.

ఇది మన సంప్రదాయమున పురుషకారము. శ్రీరామాయణము చెరయందున్న తల్లి వైభవమును చాటునని పిళ్ళై లోకాచార్యులు తెలిపిరి. అశోకవనమున చెర ననుభవించిన అమ్మకుగాక, ఖైదీ గోడు మరెవ్వరికి తెలియును?

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి ఆరులక్షల మొహరీలు చెల్లించి రామదాసును విడిపించిరని భక్తుల విశ్వాసము. కాని తలుపు తెరచుకొనుటకు ముందే ఆయన హృదయబంధము విడినది. కోపమును దాచక పాడెను, పాడగా అది పశ్చాత్తాపమయ్యెను, పశ్చాత్తాపము శరణాగతియయ్యెను. త్యాగరాజస్వామి అంతటివారు ప్రహ్లాద భక్తి విజయమున ఆయనను స్తుతించిరి.

మన కష్టములును ఒక విధమైన చెరలే. అందు మౌనముగా కుములుటకంటె, నిష్ఠురమైనను స్వామితోనే పలుకుట మేలని రామదాసు జీవితము బోధించుచున్నది.