లెక్కల వెనుక మనుషులను చూసిన కాటన్ దొర
డొక్కల కరువు నివేదికల నుండి కృష్ణా కాలువల వరకు ఒక ఇంజనీరు ప్రస్థానం

గుంటూరు: కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువలకు నీరు వదిలే వేళ ఇప్పటికీ రైతు నోట వినిపించే పేరు సర్ ఆర్థర్ కాటన్. ఆనకట్టల నిర్మాతగా, అపర భగీరథునిగా ఆయనను ఎరుగని పల్లె ఈ ప్రాంతంలో లేదు. అయితే రాయి మీద రాయి పేర్చడానికి ముందు ఆయన చేసిన పని మరొకటి ఉంది. కరణాలు రాసిన జనసంఖ్య పట్టికలను, కచేరీలలో మూలుగుతున్న శిస్తు లెక్కలను శ్రద్ధగా చదివి, వాటి ఆధారంగా ఒక ప్రాంతపు భవితవ్యాన్ని నిర్ణయించవచ్చునని ఆయన నిరూపించారు. మే 15 కాటన్ జయంతి. ఆయన జీవితంలోని ఈ పార్శ్వాన్ని మననం చేసుకోవడానికి అది తగిన సందర్భం.

ఊళ్లకు ఊళ్లు ఖాళీ

1832-33 నందన నామ సంవత్సరం. వానలు ముఖం చాటేయడంతో గుంటూరు సీమ కనీవినీ ఎరుగని కరువు పాలైంది. ప్రజలు దానిని నందన కరువు అన్నారు. ఎముకల గూళ్లుగా మారిన మనుషులను చూసి డొక్కల కరువు అని కూడా అన్నారు. అప్పటికి సుమారు 5 లక్షలున్న గుంటూరు జిల్లా జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది వరకు నశించారని నాటి నివేదికలు తెలుపుతున్నాయి. తిండి వెదుక్కుంటూ ఒంగోలు, నెల్లూరు మీదుగా మద్రాసుకు బయలుదేరిన వారిలో ఎందరో దారిలోనే ప్రాణాలు విడిచారు. ఒక పక్క కృష్ణమ్మ సముద్రంలోకి పోతూనే ఉంది. మరో పక్క ఆ నదికి కొద్ది కోసుల దూరంలోనే జనం నీళ్లు లేక, గింజలు లేక రాలిపోయారు.

ఆ సంవత్సరాలలో కాటన్ ఇక్కడ లేరు. దక్షిణాన కావేరి నది పనులలో ఆయన సేవ సాగుతోంది. గుంటూరు విషాదాన్ని ఆయన తరువాతి కాలంలో కాగితాల మీద చదివి తెలుసుకున్నారు. చదివి ఊరుకోలేదు. తాను రాసిన నివేదికలలోను, పుస్తకాలలోను ఆ కరువును నీటిపారుదల ఆవశ్యకతకు సాక్ష్యంగా మళ్లీ మళ్లీ నిలబెట్టారు.

పదునెనిమిదేళ్ల సైనికుడు

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. సోదరులు అనేకులున్న పెద్ద కుటుంబం వారిది. ఈస్టిండియా కంపెనీకి అధికారులను తయారు చేసే అడిస్‌కోంబ్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొంది, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మద్రాసులో అడుగుపెట్టారు. తొలి బర్మా యుద్ధంలో పాల్గొన్న అనంతరం ఆయన దృష్టి నీటి మీదకు మళ్లింది.

తంజావూరు సీమలో చోళుల కాలం నాటి కల్లణై ఆయనకు గురుపీఠమైంది. ఇసుక నేలపై, లోతైన పునాది లేకుండానే శతాబ్దాలుగా నిలిచిన ఆ కట్టడాన్ని పరిశీలించి, నదిగర్భంలో రాతిపొర దొరకకపోయినా ఆనకట్ట నిర్మించవచ్చునన్న విశ్వాసం పొందారు. 1836-38 నడుమ కొల్లడం నదిపై ఆయన కట్టించిన ఆనకట్టలు తంజావూరు మాగాణిని కాపాడాయి. ఈ పని ఆయనకు మరొక మేలు చేసింది. నీరున్న డెల్టాలో జనాభా, సాగు, శిస్తు ఎలా పెరుగుతాయో చెప్పే లెక్కలు ఆయన చేతికి వచ్చాయి. గోదావరి తీరాన ఆ లెక్కలే కొలబద్దగా ఉపయోగపడ్డాయి.

నాలుగవ వంతు జనం ఏమయ్యారు?

1840 దశకం ఆరంభం నాటికి రాజమహేంద్రవరం జిల్లా దివాళా తీసిన స్థితిలో ఉంది. దాని కారణాలను విచారించిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక సమర్పించి, నీటిపారుదలే మందు అని తేల్చారు. ఆ పనికి తగినవాడు కాటన్ అని సిఫారసు చేశారు. అదే సంవత్సరం కాటన్ డెల్టా అంతటా తిరిగి నేల వాలు, నది మట్టం కొలిచారు. వాటితో పాటు పాత దస్త్రాలను ముందు వేసుకున్నారు.

ఆ దస్త్రాలలో రెండు అంకెలు ఉన్నాయి. 1821 నాటి లెక్క ప్రకారం ఆ జిల్లా జనాభా 7,38,308. 1841 నాటికి అది 5,61,041. ఇరవై ఏళ్లలో 1,77,267 మంది తగ్గిపోయారు. నూటికి ఇరవై నలుగురు అన్నమాట. యుద్ధం లేదు. నేల నిస్సారం కాదు. పక్కనే మహానది పారుతోంది. అటువంటి నేల మీద మనుషులు తరిగిపోతూ ఉంటే, అదే కాలంలో తంజావూరు డెల్టా పెరుగుతూ వచ్చింది. రెండింటి నడుమ భేదం నీటిని అదుపు చేయడంలోనే ఉన్నదని కాటన్ నిర్ధారించారు.

జనాభా తగ్గినది మరణాల వల్లనా, వలసల వల్లనా అన్న ప్రశ్నకు ఆ పట్టికలు జవాబు చెప్పవు. ఊరి కరణం ఇళ్లు లెక్కించి రాసిన అంకెలలో పొరపాట్లూ ఉండి ఉంటాయి. అయినా పన్నుల లెక్క, సాగు లెక్క, జనం లెక్క మూడూ ఒకే దిక్కుకు జారుతున్నప్పుడు ఆ ధోరణిని శంకించనక్కరలేదు. ఒక అంకెను మరొక అంకెతో సరిచూడడమే ఆ వాదన బలం.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో గుంటూరు కచేరీ చరిత్రే చెబుతుంది. 1840 దశకంలో గుంటూరు రాబడి ఎందుకు పడిపోయిందో విచారించడానికి వాల్టర్ ఇలియట్ కమిషనరుగా వచ్చారు. అమరావతి స్తూపం వద్ద 1845లో తవ్వకాలు జరిపించినది కూడా ఆయనే. కరువుతో పాటు కచేరీ ఉద్యోగుల గోల్‌మాల్ సైతం జిల్లాను కుంగదీసిందని ఆ విచారణలో వెల్లడైంది. ఉన్న లెక్కలను వాడుకోవాలి. గుడ్డిగా నమ్మరాదు.

కంపెనీకి అర్థమయ్యే భాష

కంపెనీ డైరెక్టర్లు లండనులో కూర్చుని లాభనష్టాలు చూసుకునే వర్తకులు. కరువు చావుల వర్ణన ఒక్కటే వారిని కదిలించదని కాటన్ ఎరుగుదురు. అందుకే 1844, 1845 నివేదికలలో ఆనకట్టకు అయ్యే ఖర్చు ఎంత, తడిసే నేల ఎంత, పెరిగే శిస్తు ఎంత అన్న లెక్కను వారి ముందుంచారు. 1846 చివరకు అనుమతి లభించింది. 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభమై 1852లో ఆనకట్ట పూర్తయింది. కూలీలను సమీకరించడంలో, పనులు నడిపించడంలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నను గోదావరి జిల్లాలు ఇప్పటికీ తలచుకుంటాయి.

గోదావరి విజయం కృష్ణకు దారి చూపింది. బెజవాడ ఇంద్రకీలాద్రికి, గుంటూరు గట్టున ఉన్న సీతానగరం కొండకు నడుమ నది ఇరుకైన చోట ఆనకట్ట కట్టవచ్చునన్న ఆలోచన అంతకు ముందే ఉంది. డొక్కల కరువు దానికి తిరుగులేని హేతువు చూపింది. గోదావరి పనులలో కాటన్‌కు సహచరుడైన కెప్టెన్ ఛార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో నిర్మాణం మొదలై 1855లో ముగిసింది. కుడి గట్టు నుండి బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువలు దుగ్గిరాల మీదుగా తెనాలి, రేపల్లె, బాపట్ల సీమలను తడిపాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం వరకు సాగి బకింగ్‌హాం కాలువతో కలిసి సరుకు పడవలకు దారి ఇచ్చింది.

ఫలితం ఏమిటో కూడా జనాభా లెక్కలే చెప్పాయి. 1876-78 మహాకరువు మద్రాసు రాజధానిని కబళించినప్పుడు గోదావరి, కృష్ణా డెల్టాలు తమ తిండి తాము తిని ఇతర జిల్లాలకు ధాన్యం పంపాయి. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తరిగిపోయింది. అదే పదేళ్లలో, 1859 నుండి గుంటూరును తనలో కలుపుకొని ఉన్న కృష్ణా జిల్లా జనాభా మాత్రం పెరిగింది.

రేగడి నేల నేర్పిన పాఠం

కాటన్ ప్రతి అంచనా ఫలించలేదు. కర్నూలు - కడప కాలువ ఇందుకు ఉదాహరణ. ఆయన ఆలోచనల ప్రేరణతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర నీటిని కాలువకు మళ్లించే పని 1863లో చేపట్టి 1871లో ముగించింది. నీరు వచ్చింది. తీసుకునే రైతు కరవయ్యాడు. తేమను పట్టి ఉంచే నల్లరేగడిలో జొన్న, పత్తి వంటి మెట్ట పైర్లు వేసుకునే రైతుకు మామూలు సంవత్సరాలలో కాలువ నీటి అవసరం కనబడలేదు. నీటి పన్ను కట్టడానికి ముందుకు రాలేదు. నష్టాలలో కూరుకుపోయిన కాలువను చివరకు 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది.

తంజావూరు లెక్క గోదావరికి సరిపోయింది. కారణం, రెండూ వరి పండే ఒండ్రు డెల్టాలు. ఆ లెక్క రేగడి మెట్టకు సరిపోలేదు. తలలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలదు, ఆ చేతులు ఏ నేలలో ఏ పైరు పండిస్తున్నాయో కూడా తెలియాలన్నది ఆ వైఫల్యం మిగిల్చిన పాఠం. పత్తి, మిరప పండించే పల్నాడు, ప్రకాశం మైదానాలకు ఈ పాఠం బాగా వర్తిస్తుంది. కాటన్ కాలువలు ఈ మెట్ట వరకు ఎక్కలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కుడి కాలువ ద్వారా 1967 తరువాతనే ఇక్కడికి కృష్ణా జలాలు చేరాయి.

చివరి దాకా అదే వాదం

1860లో పదవీ విరమణ చేసి స్వదేశం చేరిన కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. రైలు మార్గాల కంటే కాలువలే భారతదేశానికి అధిక మేలు చేస్తాయని ఆయన దృఢంగా నమ్మారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఎదుట, డెబ్బై అయిదేళ్ల వయసులో, ఆ మాటే వినిపించారు. రైళ్ల పక్షం వహించిన వారు ఆయన అంచనాలను అతిశయోక్తులని కొట్టివేశారు. ఆయన వెనక్కు తగ్గలేదు. డోర్కింగ్‌లోని తన తోటలో వృద్ధాప్యంలోనూ గోధుమ సాగుపై ప్రయోగాలు చేస్తూ గడిపి, 1899 జూలై 24న కన్నుమూశారు.

బెజవాడ ఆనకట్ట 1952లో గండిపడగా, దాని సమీపంలో నిర్మించిన బ్యారేజీ 1957లో ప్రారంభమైంది. ఒంగోలు సీమ బిడ్డ టంగుటూరి ప్రకాశం పంతులు పేరు దానికి పెట్టారు. ఇరుగట్టులా సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు అదే ఆధారం.

మళ్లీ లెక్కల వేళ

2011 జనగణన ప్రకారం ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభా 48,87,813. ప్రకాశం జిల్లా జనాభా 33,97,448. ఆ తరువాత 2021లో జరగవలసిన లెక్కింపు జరగలేదు. 2022 ఏప్రిల్‌లో గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడి సరిహద్దులు మారిపోయాయి. 1859లో జిల్లాలు కలిసినప్పుడు ఎదురైన చిక్కే ఇప్పుడూ ఎదురవుతుంది. పాత అంకెను కొత్త అంకెతో పోల్చాలంటే జిల్లా మొత్తాలు పనికిరావు. మండలం, గ్రామం స్థాయి లెక్కలను కొత్త హద్దుల ప్రకారం కూడుకోవలసి ఉంటుంది.

2027 జనగణనకు మార్చి 1 ప్రమాణ తేదీ అని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. ఆ తేదీని ఈ ప్రాంతం ప్రత్యేకంగా గమనించాలి. ఫిబ్రవరి, మార్చి మాసాలు గుంటూరు సీమలో మిరప కోతల కాలం. మెట్ట ప్రాంతాల నుండి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకుని ఉండే రోజులు అవే. 2011లోనూ లెక్కింపు ఫిబ్రవరిలోనే జరిగింది. లెక్కల ఉద్యోగి తలుపు తట్టే వేళకు సొంత ఊరిలో తాళం, ఇక్కడ చేను గట్టున గుడారం. రెండు చోట్లా రాయకపోతే ఆ కుటుంబం అంకెల నుండి జారిపోతుంది. సొంత ఊరి బడికి, మంచినీటి పథకానికి, వైద్యశాలకు వేసే అంచనాలో వారి వాటా తగ్గిపోతుంది.

డొక్కల కరువులో మద్రాసు దారి పట్టిన వారిని దారిలో ఎవరూ లెక్కించలేదు. వారు లేరన్న సంగతి తరువాతి పట్టికలలో ఖాళీగానే కనబడింది. ఆ ఖాళీని కాటన్ వంటివారు చదవగలిగారు గనుక కాలువలు వచ్చాయి. రానున్న లెక్కలో మిరప చేలోని గుడారం కూడా ఒక ఇల్లుగా నమోదయ్యేలా అధికారులు, గ్రామ పెద్దలు ముందుగానే శ్రద్ధ వహించడం ఆయనకు ఈ నేల సమర్పించగల నివాళి.