సి.కె.నాయుడు

కొట్టారి కనకయ్య నాయుడు (అక్టోబర్ 31, 1895 - నవంబర్ 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. సి.కె.నాయుడుగా, సి.కె.గా దేశమంతటా ప్రసిద్ధుడు. కృష్ణా జిల్లా మచిలీపట్నం నుండి వలస వెళ్ళిన తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో జన్మించాడు. ఇంటిపేరు కొట్టారి అయినా ఆంగ్లంలో దానిని సి అక్షరంతో వ్రాసే అలవాటు వలన సి.కె. అనే పొడి అక్షరాలు స్థిరపడ్డాయి. కుడిచేతి బ్యాట్స్‌మన్, మధ్యమ వేగంతోనూ నెమ్మదిగానూ బంతి వేయగల బౌలర్, చురుకైన ఫీల్డర్.

నాయుడు ఆడిన టెస్టులు ఏడు మాత్రమే. వాటిలో చేసిన పరుగులు 350. ఈ అంకెలను మాత్రమే చూచిన నేటి విద్యార్థికి అతని ఖ్యాతికి కారణం బోధపడదు. భారతదేశం తొలి టెస్టు ఆడేనాటికి అతని వయస్సు 36 సంవత్సరాలు. చివరి టెస్టు ఆడిన తరువాత పదేళ్ళపాటు దేశానికి టెస్టులే లేవు. కనుక అతని ప్రతిభను కొలవడానికి ఫస్ట్ క్లాస్ క్రికెట్ రికార్డును, భారత క్రికెట్ ఎదుగుదలలో అతని పాత్రను కలిపి చూడవలసి ఉంటుంది.

బాల్యం, కుటుంబ నేపథ్యం

నాయుడు తాత నారాయణస్వామి నాయుడు మచిలీపట్నం వాసి. ఆయన నాగపూర్ చేరి న్యాయవాదిగా పేరు తెచ్చుకొని అక్కడే స్థిరపడ్డాడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లాండులో చదివాడు. కేంబ్రిడ్జిలో ఆయనకు రంజిత్‌సింహ్‌జీతో పరిచయం ఉండేది. ఇంట్లో క్రికెట్‌పై ఆదరణ ఉండడంతో కనకయ్య నాగపూర్‌లో పాఠశాల రోజులలోనే ఆటలో రాణించాడు. హిస్లాప్ విద్యాసంస్థ జట్టుకు నాయకత్వం వహించాడు. తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా తరువాత లెగ్ స్పిన్నర్‌గా భారతదేశం తరఫున 11 టెస్టులు ఆడాడు.

క్రీడా జీవితం ఆరంభం

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల జట్టుపై ఆడడంతో నాయుడు ఫస్ట్ క్లాస్ క్రికెట్లో ప్రవేశించాడు. ఆ రోజుల్లో దేశంలో పెద్ద పోటీ అంటే ఇదే. జట్లు మతాన్నిబట్టి ఏర్పడేవి. వరుసలో చివరికి బ్యాటింగ్‌కు దిగిన ఈ యువకుడు మొదటి మూడు బంతులను ఆపి నాలుగవ బంతిని సిక్సర్‌గా కొట్టాడని ప్రసిద్ధి. ఆరడుగులకు మించిన ఎత్తు, బంతిని గాలిలోకి ఎత్తి దూరంగా కొట్టే నైపుణ్యం అతని ప్రత్యేకతలు.

1923లో ఇండోర్ పాలకుడు తుకోజీరావు హోల్కర్ నాయుడును తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. జీతం తీసుకొని ఆడే వృత్తి క్రికెట్ మనదేశంలో వేళ్ళూనని ఆ కాలంలో సంస్థానాల కొలువే ఆటగాళ్ళకు జీవనాధారం. తరువాత అతనికి కర్నల్ హోదా కూడా లభించింది. ఇండోరే అతని శాశ్వత నివాసమయింది.

1926 బొంబాయి ఇన్నింగ్స్

1926-27లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు భారతదేశంలో పర్యటించింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో జరిగిన ఆటలో ఎం.సి.సి. 363 పరుగులు చేసింది. అందులో గై ఎర్ల్ ఒక్కడే 130 పరుగులు చేశాడు. డిసెంబర్ 1, 1926న నాయుడు దానికి దీటుగా సమాధానమిచ్చాడు. 116 నిమిషాలలో 153 పరుగులు సాధించాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. అంటే 118 పరుగులు బౌండరీల ద్వారానే వచ్చాయి. ఈ వార్త నగరమంతా ప్రాకి కార్యాలయాల నుండి ఉద్యోగులు మైదానానికి తరలివచ్చారని, చెట్లపైనా మేడలపైనా జనం నిలిచి చూశారని చెబుతారు. ఎం.సి.సి. అతనికి వెండి బ్యాటును బహూకరించింది.

ఈ ఇన్నింగ్స్‌తో పాటు, ఆ పర్యటనలోనే దేవధర్ చేసిన 148 పరుగులు భారత ఆటగాళ్ళు ఇంగ్లాండు వారితో సమానంగా ఆడగలరని నిరూపించాయి. 1928 డిసెంబర్‌లో భారత క్రికెట్ నియంత్రణ బోర్డు ఏర్పడింది. 1932లో భారతజట్టుకు టెస్టు ఆడే అవకాశం లభించింది.

1932 ఇంగ్లాండు పర్యటన

1932 పర్యటనకు పోర్‌బందర్ మహారాజా కెప్టెన్‌గా, లింబ్డి రాజకుమారుడు ఘనశ్యామ్‌సింహ్‌జీ వైస్ కెప్టెన్‌గా ఎంపికయ్యారు. జట్టుకు రాజవంశీకులే నాయకులుగా ఉండడం నాటి ఆచారం. అయితే టెస్టు మ్యాచ్ సమీపించే సరికి ఇద్దరూ జట్టు నుండి తప్పుకున్నారు. నాయకత్వం నాయుడుకు దక్కింది. సామాన్య ఆటగాడి కింద ఆడడం ఇష్టంలేని కొందరు టెస్టుకు ముందు అభ్యంతరం తెలిపారని, పెద్దల జోక్యంతో ఆ వివాదం సద్దుమణిగిందని క్రికెట్ చరిత్రకారులు వ్రాశారు.

జూన్ 25, 1932న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టు ప్రారంభమయింది. మహమ్మద్ నిస్సార్ బౌలింగ్ ధాటికి ఇంగ్లాండు 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయినా, జార్డిన్ నిలబడి ఆడడంతో 259 పరుగులు చేయగలిగింది. భారతజట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 189 పరుగులు చేసింది. ఫీల్డింగ్‌లో చేతికి గాయమైనా నాయుడు 40 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో అదే అత్యధిక స్కోరు. చివరకు ఇంగ్లాండు 158 పరుగుల తేడాతో గెలిచింది.

పర్యటన మొత్తంలో నాయుడు ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 40.45 సగటుతో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసుకున్నాడు. లార్డ్స్‌లో ఎం.సి.సి.పై అజేయంగా 118 పరుగులు, ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్‌పై 162 పరుగులు వీటిలో ముఖ్యమైనవి. ఎడ్జ్‌బాస్టన్‌లో అతడు కొట్టిన ఒక సిక్సర్ మైదానం పక్కనున్న రియా నదిని దాటింది. అప్పట్లో ఆ నది రెండు కౌంటీలకు సరిహద్దు కావడం వల్ల, బంతిని ఒక కౌంటీ నుండి మరొక కౌంటీలోకి కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1933లో విజ్డెన్ వార్షిక సంచిక ఆ ఏటి ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా అతనిని ఎంపిక చేసింది.

స్వదేశంలో తొలి టెస్టులు

1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లాండు జట్టు భారతదేశానికి వచ్చింది. బొంబాయి, కలకత్తా, మద్రాసులలో జరిగిన మూడు టెస్టులకూ నాయుడే కెప్టెన్. బొంబాయి టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్, నాయుడు కలిసి మూడవ వికెట్‌కు 186 పరుగులు జోడించారు. అమర్‌నాథ్ 118 పరుగులతో భారతదేశం తరఫున తొలి టెస్టు శతకం సాధించగా నాయుడు 67 పరుగులు చేశాడు. బొంబాయి, మద్రాసు టెస్టులలో భారత్ ఓడిపోయింది. కలకత్తా టెస్టు డ్రాగా ముగిసింది. దీనితో నాయుడు కెప్టెన్‌గా ఆడిన నాలుగు టెస్టులలో మూడు ఓటములు, ఒక డ్రా నమోదయ్యాయి.

1936 పర్యటన

1936 ఇంగ్లాండు పర్యటనకు నాయుడును కాదని విజయనగరం మహారాజకుమార్ (విజ్జీ)ను కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. ఒకరు కృష్ణా జిల్లా మూలాలున్న మధ్యతరగతి ఆటగాడు, మరొకరు ఉత్తరాంధ్ర సంస్థానపు రాజకుమారుడు. ఈ ఇద్దరు తెలుగువారి మధ్య సఖ్యత లేకపోవడంతో జట్టు రెండు వర్గాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలోనే స్వదేశానికి పంపివేశారు. మూడు టెస్టులలో రెండింటిని భారత్ కోల్పోయింది. తరువాత జరిగిన బ్యూమాంట్ విచారణ విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది.

నాయుడు ఆ మూడు టెస్టులూ ఆడాడు. ఆగస్టులో ఓవల్ మైదానంలో జరిగిన ఆఖరి టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో గబ్బీ అలెన్ వేసిన బంతి శరీరానికి బలంగా తగిలినా మైదానం వీడలేదు. బాధను భరిస్తూ ఆడి 81 పరుగులు చేశాడు. టెస్టులలో అతని అత్యధిక స్కోరు ఇదే. అదే అతని చివరి టెస్టు కూడా. తరువాత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. భారతదేశం మళ్ళీ 1946లో టెస్టు ఆడేనాటికి నాయుడుకు ఏభై ఏళ్ళు నిండాయి.

హోల్కర్ జట్టు, రంజీ ట్రోఫీ

టెస్టులు లేని ఆ సంవత్సరాలలో నాయుడు తన శక్తినంతా రంజీ ట్రోఫీలో ఇండోర్ హోల్కర్ జట్టును తీర్చిదిద్దడానికి వినియోగించాడు. ముస్తాక్ అలీ, సి.ఎస్.నాయుడు, చందు సర్వటే వంటి ఆటగాళ్ళు ఆ జట్టులో ఉండేవారు. 1944-45 నుండి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో హోల్కర్ జట్టు ఎనిమిది సార్లు ఫైనల్ చేరింది. 1945-46, 1947-48, 1950-51, 1952-53లలో ట్రోఫీ గెలుచుకుంది. యుద్ధకాలంలో భారతదేశంలో సైనికుడిగా ఉన్న ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ 1944-45 ఫైనల్‌లో హోల్కర్ తరఫున అజేయంగా 249 పరుగులు చేశాడు. అయినా ఆ ఫైనల్‌ను బొంబాయి గెలుచుకుంది.

1945-46 ఫైనల్‌లో బరోడాపై నాయుడు 200 పరుగులు చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో అతని అత్యధిక స్కోరు ఇదే. దానిని సాధించినప్పుడు అతని వయస్సు 50 సంవత్సరాలు. శరీర దారుఢ్యం, క్రమశిక్షణ విషయాలలో అతడు సహచరుల పట్ల కఠినంగా ఉండేవాడు. 1951-52లో బొంబాయితో జరిగిన ఆటలో దత్తు ఫడ్కర్ వేసిన బౌన్సర్ తగిలి పళ్ళు విరిగినా, వాటిని పిచ్ మీద నుండి పక్కకు తోసి ఆట కొనసాగించాడని చెబుతారు.

ఆంధ్ర జట్టుతో అనుబంధం

ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారిగా రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. అంతకు ముందు కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి ఇక్కడి ఆటగాళ్ళకు మద్రాసు జట్టే దారి. హైదరాబాదుకు మాత్రం రంజీ పోటీల ఆరంభం నుండి సొంత జట్టు ఉండేది. మచిలీపట్నం నుండి హైదరాబాదు వెళ్ళే రహదారిపై ఉన్న మెట్ట ప్రాంతపు పట్టణాలు నందిగామ, జగ్గయ్యపేట నైజాం సరిహద్దుకు చేరువలోనే ఉన్నా, ఆ ఊళ్ళ యువకుడు పెద్ద క్రికెట్ ఆడాలంటే దూరాన ఉన్న మద్రాసులో ఎంపిక కావలసి వచ్చేది. (ఈ రెండు పట్టణాలు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.) కొత్త ఆంధ్ర జట్టుకు తొలి సీజన్లో నాయకత్వం వహించినది నాయుడే. అప్పటికి అతని వయస్సు 58 సంవత్సరాలు. ఈ విధంగా భారతజట్టుకూ, ఆంధ్ర జట్టుకూ కూడా తొలి కెప్టెన్ అతడే అయ్యాడు.

చివరి సంవత్సరాలు

1956-57లో ఉత్తర ప్రదేశ్ జట్టు తరఫున రంజీ ట్రోఫీలో ఆడి రాజస్థాన్‌పై 84 పరుగులు చేశాడు. అప్పటికి అతనికి 61 ఏళ్ళు దాటాయి. 1963-64లో సహాయనిధి కోసం జరిగిన మ్యాచ్‌తో అతని ఫస్ట్ క్లాస్ క్రీడా జీవితం ముగిసింది. 1916 నుండి లెక్కిస్తే ఆరు దశకాలలో అతడు ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడాడు. ఆటకు తోడు జట్టు ఎంపిక సంఘం అధ్యక్షుడిగా, క్రికెట్ బోర్డు ఉపాధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. నవంబర్ 14, 1967న ఇండోర్‌లో మరణించాడు. అతని కుమార్తె చంద్రా నాయుడు (1933 - 2021) దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా గుర్తింపు పొందింది.

గణాంకాలు

టెస్ట్ క్రికెట్ (1932 - 1936)
- మ్యాచ్‌లు: 7, ఇన్నింగ్స్: 14
- పరుగులు: 350, సగటు: 25.00
- అత్యధిక స్కోరు: 81, అర్ధశతకాలు: 2
- వికెట్లు: 9, బౌలింగ్ సగటు: 42.88
- క్యాచ్‌లు: 4

ఫస్ట్ క్లాస్ క్రికెట్ (1916-17 - 1963-64)
- మ్యాచ్‌లు: 207, ఇన్నింగ్స్: 344
- పరుగులు: 11,825, సగటు: 35.94
- అత్యధిక స్కోరు: 200
- శతకాలు: 26, అర్ధశతకాలు: 58
- వికెట్లు: 411, బౌలింగ్ సగటు: 29.28
- ఉత్తమ బౌలింగ్: 44 పరుగులకు 7 వికెట్లు
- క్యాచ్‌లు: 170

1932 నుండి 1936 వరకు భారతదేశం ఆడిన టెస్టులు మొత్తం ఏడే. ఆ ఏడింటిలోనూ నాయుడు ఆడాడు. అంటే తన కాలంలో దేశం ఆడిన ఏ టెస్టునూ అతడు వదులుకోలేదు. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో 11 వేలకు పైగా పరుగులు, 400కు పైగా వికెట్లు కలిగి ఉండడం అతడు నిజమైన ఆల్‌రౌండర్ అని తెలుపుతుంది. యాభై, అరవై ఏళ్ళ వయస్సులో ఆడిన మ్యాచ్‌లు కూడా ఈ సగటులలో కలిసి ఉన్నాయి.

పురస్కారాలు, గుర్తింపులు

- 1933లో విజ్డెన్ ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా ఎంపిక.
- 1941లో ఒక టానిక్ ప్రకటనలో కనిపించి, వ్యాపార ప్రకటనకు ఒప్పుకున్న తొలి భారతీయ క్రికెటర్‌గా పేరుపొందాడు.
- 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. క్రికెట్ ఆటగాళ్ళలో ఈ పురస్కారం మొదట పొందినది ఇతడే.
- అతని పేరుమీద కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీని యువ ఆటగాళ్ళ కోసం జాతీయ స్థాయిలో నిర్వహిస్తున్నారు.
- 1994 నుండి క్రికెట్ బోర్డు సి.కె.నాయుడు జీవిత సాఫల్య పురస్కారాన్ని ఇస్తున్నది. తొలి గ్రహీత, 1933 బొంబాయి టెస్టులో నాయుడుకు జోడీగా ఆడిన లాలా అమర్‌నాథ్.
- 1996లో భారత తపాలా శాఖ అతని స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.