టస్కీగీ గగన గురువు ‘చీఫ్’ ఆండర్సన్

(ఏప్రిల్ 13 ఛార్లెస్ ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్ వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి చెందిన సుమారు వేయిమంది నల్లజాతి విమాన చోదకులు అలబామా రాష్ట్రంలోని టస్కీగీ అనే చిన్న పట్టణం వద్ద శిక్షణ పొందారు. టస్కీగీ ఎయిర్‌మెన్‌గా ప్రసిద్ధికెక్కిన వీరి పరాక్రమంపై గ్రంథాలు వెలువడ్డాయి, చలనచిత్రాలు వచ్చాయి. వారికి ఓనమాలు దిద్దించిన శిక్షకులకు పెద్దగా వ్యవహరించిన ఛార్లెస్ ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్ మాత్రం సైనికుడు కారు, యుద్ధరంగానికి వెళ్లినవారూ కారు. ఆయన పౌర శిక్షకుడు. ఇందరికి విమానం నడపడం నేర్పిన ఈయనకు యౌవనంలో ఆ విద్య నేర్పడానికి గురువు దొరకకపోవడం విశేషం.

ఆండర్సన్ 1907 ఫిబ్రవరి 9న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రిన్ మార్‌లో జన్మించారు. రైట్ సోదరులు తొలిసారి ఆకాశానికి ఎగిరి అప్పటికి మూడేళ్లు దాటింది. బాల్యంలో కొంతకాలం ఆయన వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్‌లో అవ్వ సంరక్షణలో పెరిగారు. సమీపంలో ఎక్కడో విమానం దిగిందనో, కూలిందనో వదంతి వినిపిస్తే చాలు, ఇల్లు విడిచి దాని జాడ వెతుక్కుంటూ వెళ్లిపోయే మనుమడిని అదుపు చేయలేక ఆమె తిరిగి తల్లిదండ్రుల వద్దకే పంపివేశారు.

విమానాలపై మక్కువ వయసుతోపాటు పెరిగిందే కాని తగ్గలేదు. వైమానిక పాఠశాలలో చేరడానికి ఆయన చేసిన ప్రయత్నాన్ని శరీర వర్ణం కారణంగా తిరస్కరించారు. రుసుము చెల్లించడానికి సిద్ధపడినా నల్లజాతి విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకొని పాఠం చెప్పడానికి శిక్షకులెవరూ సమ్మతించలేదు. నేలపై నేర్చుకోగలిగినదంతా ఆండర్సన్ నేర్చుకున్నారు. విమానాశ్రయాల చుట్టూ తిరుగుతూ, పైలట్ల సంభాషణలు వింటూ, యంత్రాల పనితీరును పరిశీలిస్తూ కాలం గడిపారు. చివరకు విమానమే సొంతమైతే ఎవరూ కాదనలేరని నిశ్చయించుకొని, తాను కూడబెట్టిన సొమ్ముకు బంధుమిత్రులు ఇచ్చిన అప్పును జోడించి, 1920ల చివరలో సుమారు 2,500 డాలర్లకు వెలీ మోనోకూప్ అనే చిన్న విమానాన్ని కొనుగోలు చేశారు.

విమానం వచ్చింది కాని గురువు రాలేదు. రస్సెల్ థా అనే శ్వేతజాతి పైలట్‌కు అప్పట్లో సొంత విమానం లేదు. అట్లాంటిక్ సిటీలో ఉన్న తల్లిని చూడటానికి ఆయన ఆండర్సన్ విమానాన్ని తీసుకునేవారు. యజమాని హోదాలో పక్క సీటులో కూర్చున్న ఆండర్సన్ ఆయన చేతుల కదలికలను, కాళ్ల కదలికలను గమనించేవారు. మిగిలినది స్వయంకృషి. పైకి లేవడం, క్షేమంగా దిగడం ఒంటరిగా సాధన చేసి, 1929 ఆగస్టులో ప్రైవేటు పైలట్ లైసెన్స్ సాధించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో మన దేశంలో జె.ఆర్.డి. టాటా బొంబాయిలో శిక్షణ పూర్తిచేసి తొలి పైలట్ లైసెన్స్ అందుకున్నారు. వలస పాలనలోని బొంబాయిలో ఒక భారతీయుడికి దొరికిన శిక్షణ స్వతంత్ర దేశమైన అమెరికాలో ఆ దేశ పౌరుడికే దొరకకపోవడం గమనార్హం.

ప్రయాణికులను, సరుకులను తీసుకువెళ్లి జీవనోపాధి పొందాలంటే ప్రైవేటు లైసెన్స్ చాలదు, ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ అవసరం. ఈ దశలో ఆయనకు అండగా నిలిచినవారు ఎర్నెస్ట్ బ్యూల్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పక్షాన విమానాలు నడిపి, అనంతరం అమెరికాకు వలస వచ్చిన బ్యూల్ ఆండర్సన్‌కు శిక్షణ ఇవ్వడమే కాక, పరీక్షకు అనుమతించేందుకు వెనుకాడిన ప్రభుత్వ పరీక్షాధికారిని ఒప్పించారు. 1932 ఫిబ్రవరిలో ఆండర్సన్ ఆ లైసెన్స్ పొందిన తొలి నల్లజాతి అమెరికన్‌గా నిలిచారు. తనకు దారి తెరిచిన ఒకే ఒక్క శిక్షకుడి ఔదార్యాన్ని ఆయన తరువాతి కాలంలో వేలాది గంటల బోధనతో తీర్చుకున్నారని భావించవచ్చు.

అట్లాంటిక్ సిటీకి చెందిన వైద్యుడు డాక్టర్ ఆల్బర్ట్ ఫోర్సైత్‌తో కలిసి 1933 జూలైలో ఆండర్సన్ తూర్పు తీరంలోని ఆ నగరం నుంచి పశ్చిమ తీరంలోని లాస్ ఏంజెలిస్‌కు వెళ్లి తిరిగి వచ్చారు. ఖండాన్ని ఇరువైపులా దాటిన తొలి నల్లజాతి పైలట్లు వీరే. వారి వద్ద పారాషూట్లు లేవు, రేడియో లేదు, రాత్రివేళ దిగడానికి దీపాలు లేవు. 1934లో వీరు బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టిన విమానంలో కరీబియన్ దీవుల మీదుగా దక్షిణ అమెరికా వైపు సాగించిన సౌహార్ద యాత్ర ట్రినిడాడ్‌లో జరిగిన ప్రమాదంతో ముగిసింది.

విమానాలు నడిపిన సాహసికులు ఆ కాలంలో అనేకులున్నారు. ఆండర్సన్ జీవితానికి ప్రత్యేకత తెచ్చినది బోధన. కళాశాలల ద్వారా పౌరులకు విమాన శిక్షణ ఇచ్చే పథకాన్ని అమెరికా ప్రభుత్వం 1939లో చేపట్టింది. జాతి, మతం, వర్ణం కారణంగా ఎవరికీ పథకం ప్రయోజనాలను నిరాకరించరాదనే నిబంధనను సంబంధిత చట్టంలో చేర్చారు. ఆ ఒక్క నిబంధన వల్ల నల్లజాతీయుల విద్యాసంస్థలకు పథకంలో ప్రవేశం లభించింది. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం తరఫున శిక్షణ ఇస్తున్న ఆండర్సన్‌ను 1940లో టస్కీగీ విద్యాసంస్థ ప్రధాన శిక్షకుడిగా ఆహ్వానించింది. ఆ పదవి నుంచే ఆయనకు చీఫ్ అనే పేరు స్థిరపడింది. విద్యార్థులు, పట్టణవాసులు జీవితాంతం ఆయనను ఆ పేరుతోనే పిలిచారు.

1941 మార్చి 29న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ టస్కీగీని సందర్శించారు. భద్రతాధికారులు కలవరపడుతున్నా ఆమె ఆండర్సన్ నడిపే చిన్న విమానంలో వెనుక సీటులో కూర్చొని గగన విహారం చేశారు. చిరునవ్వుతో ఉన్న వారిద్దరి ఛాయాచిత్రం ఎంతో ప్రాచుర్యం పొందింది. నల్లజాతీయులకు సైనిక విమాన శిక్షణ ఆ విహారం వల్లనే మంజూరైందని తరచుగా రాస్తుంటారు. ఇది వాస్తవం కాదు. ఆ నిర్ణయాన్ని సైన్యం 1941 జనవరిలోనే ప్రకటించింది. తొలి దళమైన 99వ పర్స్యూట్ స్క్వాడ్రన్ ఆమె రాకకు వారం ముందు, మార్చి 22న ఏర్పాటైంది. అయితే నల్లజాతీయులకు విమానం నడిపే సామర్థ్యం లేదని సైనిక వర్గాలలో బలంగా నాటుకున్న అపోహకు ఆ ఒక్క ఛాయాచిత్రం దీటైన సమాధానం చెప్పింది. ఆమె ధర్మకర్తగా ఉన్న రోజెన్‌వాల్డ్ నిధి మోటన్ ఫీల్డ్ నిర్మాణానికి 1,75,000 డాలర్ల రుణం సమకూర్చింది.

టస్కీగీలో శిక్షణ అంచెలుగా సాగేది. తరువాతి దశలు సైనిక స్థావరంలో జరిగేవి. ప్రాథమిక దశ మాత్రం మోటన్ ఫీల్డ్‌లో, విద్యాసంస్థ నియమించిన పౌర శిక్షకుల చేతుల మీదుగా నడిచేది. పైకప్పు లేని స్టియర్‌మన్ విమానంలో శిక్షకుడు ముందు, విద్యార్థి వెనుక కూర్చునేవారు. ఇంజను హోరులో మాట వినిపించడానికి ఒక రబ్బరు గొట్టం ఉండేది. దాని ద్వారా శిక్షకుడు మాట్లాడగలడు, విద్యార్థి వినగలడు. తిరిగి బదులు పలికే వీలు లేదు. అదుపు తప్పుతున్న విమానాన్ని శిక్షకుడు ఎప్పుడు తన చేతిలోకి తీసుకోవాలి, విద్యార్థే సరిదిద్దుకునేలా ఎంతసేపు ఓపిక పట్టాలి అనేదే ఈ వృత్తిలోని కీలకం. తొందరపడితే విద్యార్థి నేర్చుకోడు, ఆలస్యమైతే ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. ఎవరి సాయం లేకుండా పైకి లేచి దిగిన అనుభవమున్న ఆండర్సన్‌కు తడబడే చేతుల సంగతి బాగా తెలుసు. ఒకనాడు శిక్షకుడు ముందు సీటు నుంచి దిగిపోయి విద్యార్థిని ఒంటరిగా పంపుతాడు. అదే తొలి సోలో.

సైనిక శిక్షణలో మొదటి తరగతికి 1941 జూలైలో 13 మంది చేరగా, 1942 మార్చిలో ఐదుగురు మాత్రమే పట్టా పొందారు. వారిలో ఒకరైన బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్ 1954లో అమెరికా వైమానిక దళంలో తొలి నల్లజాతి జనరల్ అయ్యారు. ఆండర్సన్ వద్ద నేర్చుకున్న డేనియల్ జేమ్స్ 1975లో నాలుగు నక్షత్రాల జనరల్ హోదాకు చేరిన తొలి నల్లజాతి అధికారి. 1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సాయుధ దళాలలో సమాన అవకాశాలు కల్పిస్తూ ఉత్తర్వు జారీ చేశారు.

పౌర విమానయాన రంగంలో మార్పు మరింత ఆలస్యమైంది. యుద్ధంలో ఆరితేరిన నల్లజాతి పైలట్లకు సైతం పెద్ద విమాన సంస్థలు ఉద్యోగాలు ఇవ్వలేదు. మార్లన్ గ్రీన్ అనే పైలట్ పోరాటంపై 1963లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన తరువాతనే ఆ తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. ఈ సుదీర్ఘ కాలమంతా ఆండర్సన్ టస్కీగీని విడిచిపెట్టలేదు. యుద్ధం ముగిసి సైనిక శిక్షణ ఆగిపోయినా ఆయన మోటన్ ఫీల్డ్‌లో పాఠాలు కొనసాగించారు. నల్లజాతి విద్యార్థులతోపాటు శ్వేతజాతి విద్యార్థులు కూడా ఆయన వద్దకు వచ్చారు. 1967లో నీగ్రో ఎయిర్‌మెన్ ఇంటర్నేషనల్ సంస్థ స్థాపనలో పాలుపంచుకొని, యువతకు వేసవి విమాన శిక్షణ శిబిరానికి శ్రీకారం చుట్టారు. ఎనిమిది పదుల వయసులోనూ కాక్‌పిట్‌ను వీడలేదు.

1996 ఏప్రిల్ 13న, తన 89వ ఏట, ఆండర్సన్ టస్కీగీలోని స్వగృహంలో కన్నుమూశారు. 1998లో అమెరికా కాంగ్రెస్ మోటన్ ఫీల్డ్‌ను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. 2014 మార్చి 13న అమెరికా తపాలా శాఖ ఆయన జన్మస్థలమైన బ్రిన్ మార్‌లో 70 సెంట్ల స్మారక బిళ్లను విడుదల చేసింది. మోటన్ ఫీల్డ్‌లోని పాత హ్యాంగర్లు నేడు ప్రదర్శనశాలలు. వాటి పక్కనే ఉన్న పురపాలక విమానాశ్రయంలో చిన్న విమానాలు నేటికీ రాకపోకలు సాగిస్తున్నాయి.