రక్షణ సీట్లు వద్దన్న క్రైస్తవుడు

ఏటా నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం చేసుకుంటాం. అంబేడ్కర్ గారిని తలచుకుంటాం, రాజేంద్ర ప్రసాద్ గారి పేరు చెప్పుకుంటాం. రాజేంద్ర ప్రసాద్ గారు లేని రోజుల్లో ఆ కుర్చీలో కూర్చుని చర్చలు నడిపిన క్రైస్తవుడి పేరు మాత్రం మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఆయన డాక్టర్ హరేంద్ర కుమార్ ముఖర్జీ.

ముఖర్జీ గారిది కలకత్తాలోని బెంగాలీ క్రైస్తవ కుటుంబం. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంలో పిహెచ్.డి. సాధించి, అక్కడే ఆచార్యులయ్యారు. కళాశాలల ఇన్స్పెక్టరుగానూ పనిచేశారు. స్వతహాగా ఆయన పంతులు. రాజకీయాల్లోకి ఆలస్యంగా వచ్చారు.

అప్పటి ఎన్నికల తీరు వేరు. 1935 చట్టం కింద క్రైస్తవుల సీట్లకు క్రైస్తవులే ఓటు వేసేవారు. మన ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు శాసనసభలో దేశీయ క్రైస్తవులకు అలాంటి స్థానాలు 8 ఉండేవి. చూడటానికి ఇది రక్షణే. ముఖర్జీ గారు దాన్ని గోడగా చూశారు. మన ఓటుతో పొరుగువాడికి పని లేకపోతే మన కష్టంతోనూ అతనికి పని ఉండదన్నది ఆయన వాదన. భారతీయ క్రైస్తవుల అఖిల భారత సంస్థకు నాయకత్వం వహిస్తూ ఆ మాట సొంతవాళ్లకే నచ్చజెప్పవలసి వచ్చింది.

1947 జనవరిలో ఆయన రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడయ్యారు. మైనారిటీల ఉపసంఘానికీ ఆయనే అధ్యక్షులు. 1948 నవంబరు 29న అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని సభ ఆమోదించినప్పుడు కుర్చీలో ఉన్నది ఆయనే. డిసెంబరులో మత స్వేచ్ఛ మీద చర్చ వచ్చింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఉండాలా, తీసేయాలా అని సభ్యులు వాదించుకున్నారు. తన విశ్వాసానికి ప్రాణం లాంటి విషయం. అయినా ఆయన పక్షం వహించలేదు, అందరికీ మాట్లాడే వరుస ఇచ్చారు. ఆ హక్కు నిలిచింది. దానికోసం మాట్లాడినవారిలో హిందూ సభ్యులూ ఉన్నారు.

అసలు పరీక్ష 1949 మేలో వచ్చింది. ఉమ్మడి ఓటు ఖాయమైనా క్రైస్తవులకు కొన్ని సీట్లు ప్రత్యేకించాలని అంతకుముందు నిర్ణయించారు. సర్దార్ పటేల్ అధ్యక్షతన ఉన్న సలహా సంఘంలో ముఖర్జీ గారే తీర్మానం పెట్టారు: షెడ్యూల్డ్ కులాలకు తప్ప మతం పేరిట సీట్లు ఎవరికీ వద్దని. సంఘం ఒప్పుకుంది, ఆ నెలలోనే సభ ఆమోదించింది. చేతిలో ఉన్నదాన్ని ఒక చిన్న సమాజం తనంతట తాను వదులుకోవడం చరిత్రలో అరుదు.

ఆ నమ్మకం పూర్తిగా ఫలించిందా? నిజాయితీగా అడగాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితా బయట ఉంచింది. ఆ బాధ తెలుగు సంఘాల్లో ఇంటింటికీ తెలుసు. అది ఆయన తీర్మానం వల్ల వచ్చింది కాదు. కానీ మన గొంతు చట్టసభలో వినబడనప్పుడల్లా ఆ సీట్లు గుర్తుకు రావడం సహజం. అయినా ఒక్కటి ఆలోచించాలి. ఉప్పు డబ్బాలోనే ఉండిపోతే కూరకు రుచి రాదు. ఊరి బడి, ఊరి నీళ్లు, ఊరి పంచాయితీ మనవి కూడా అనుకుని కలిసి నిలబడినచోట మన మాటకు విలువ ఉంది.

1951 నవంబరులో ఆయన పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. రాజభవనంలోనూ నిరాడంబరంగానే బతికారు. జీవితకాలంలో కూడబెట్టిన లక్షల రూపాయలు తాను చదువుకున్న విశ్వవిద్యాలయానికి, పేద విద్యార్థుల చదువుకు ఇచ్చేశారు. 1956 ఆగస్టు 7న పదవిలో ఉండగానే కన్నుమూశారు.

సీట్లు వద్దన్న మనిషి సొమ్మూ దాచుకోలేదు. ఈసారి రాజ్యాంగ దినోత్సవం ఆదివారం పడ్డా, పడకపోయినా, మన సండే స్కూలు పిల్లలకు ఆయన పేరు ఒక్కసారి చెబుదాం.